వేక్‌సర్ఫింగ్ బోటు: ఏది కొనాలి, ఎవరితో కలిసి కొనాలి?

ప్రశ్న

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు చాలా పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇస్తున్నాను. ఆయనకు నలభై రెండేళ్ళు. భార్యాభర్తలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఇంకా హెచ్‌-1బి మీదే ఉన్నారు. పద్నాలుగేళ్ళ అమ్మాయి, పదేళ్ళ అబ్బాయి. కిందటి వేసవిలో ఒక స్నేహితుడి బోటు వెనక అమ్మాయి తాడు వదిలేసి, బోటు లేపిన అల మీద బోర్డెక్కి నిలబడింది. వేక్‌సర్ఫింగ్ అంటే ఇదే. "అది ఫోను పక్కన పడేసి అంతలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో" అని రాశారు. అప్పటినుంచి ఆయనకి బోటు తప్ప వేరే ధ్యాస లేదు.

ఆయన ముందు నాలుగు దారులున్నాయి. ఇద్దరు స్నేహితులతో కలిసి కొత్త 23 అడుగుల బోటు కొనడం. ఖరీదు లక్షన్నర డాలర్లు, అప్పు పదిహేనేళ్ళు. క్రెడిట్ స్కోరు ఈయనదే బాగుంది కాబట్టి అప్పు ఈయన పేరు మీద, మిగతా ఇద్దరూ నెలనెలా వాటా ఇచ్చేట్టు. రెండోది, 480 గంటలు తిరిగిన 2014 నాటి 22 అడుగుల వి-డ్రైవ్ బోటు, 52 వేలకి, ఒక్కరే కొనుక్కోవడం. మూడోది, ఆఫీసులో ఒకాయన పద్నాలుగు వేలకి అమ్ముతానంటున్న 2001 నాటి డైరెక్ట్ డ్రైవ్ స్కీ బోటు. నాలుగోది హ్యూస్టన్‌లో ఉండే బావమరిది ఇస్తానన్న 2009 స్టెర్న్‌డ్రైవ్ బోటు. "ఊరికే పడుంది, వాడుకోండి బావా. గంటకి పదకొండు మైళ్ళే కదా, మెల్లగా పోతే దాని వెనకా సర్ఫింగ్ చేయొచ్చు" అన్నాడట.

భార్య ఒప్పుకోవడం లేదు. "ఈత రాని మనకి బోటేంటి, గ్రీన్‌కార్డు లేని మనకి పదిహేనేళ్ళ అప్పేంటి" అంటున్నారు. వేసవికి ఆవిడ తల్లిదండ్రులు గుంటూరు నుంచి వస్తున్నారు. ఇంట్లో ఉన్నది టయోటా హైలాండర్. కాలనీ సంఘం వాళ్ళు ఇంటి ముందు బోటు పెట్టనివ్వరు. ఇవన్నీ రాసి, చివర్లో చిన్న అక్షరాలతో రాసినట్టు ఒక ముక్క చేర్చారు: కొత్త బోటు కోసం డీలరుకి వెయ్యి డాలర్లు అడ్వాన్సు ఇచ్చేశారు, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. "ఏది కొనమంటారు?"

సమాధానం

నాలుగో దారితో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో బేరాలకి తావు లేదు. మీ బావమరిది బోటు వెనక మీరు గానీ పిల్లలు గానీ సర్ఫింగ్ చేయకండి. ఎంత మెల్లగా పోయినా సరే.

స్కీయింగ్ చేసేవాళ్ళు పొడుగాటి తాడు చివర ఉంటారు. సర్ఫింగ్ చేసేవాళ్ళు బోటుకి పదడుగుల దూరంలో, ఒక్కోసారి ఇంకా దగ్గర్లో ఉంటారు. పైగా అల వాళ్ళని ముందుకి, అంటే బోటు వైపే తోస్తుంటుంది. పడితే బోటు వెనక అంచు దగ్గరే పడతారు. ఇంజిన్ లోపలా ప్రొపెల్లర్ బయటా ఉండే స్టెర్న్‌డ్రైవ్‌కీ, ఇంజినే బయట వేలాడే ఔట్‌బోర్డుకీ ప్రొపెల్లర్ ఉండేది సరిగ్గా అక్కడే, వెనక గోడ బయట. ఇంజిన్ లోపలుండి షాఫ్టు అడుగునుంచి బయటికొచ్చే ఇన్‌బోర్డులో (డైరెక్ట్ డ్రైవ్, వి-డ్రైవ్ రెండూ ఇన్‌బోర్డులే) అది బోటు అడుగున, వెనక అంచుకి బాగా ముందుగా ఉంటుంది. వేక్‌సర్ఫింగ్‌కి ఇన్‌బోర్డే కావాలనడానికి మొదటి కారణం ఇదే, అల సంగతి తర్వాత. "గంటకి పదకొండు మైళ్ళే కదా" అని మీ బావమరిది అన్నది నిజమే. కానీ అల పెద్దదవడానికి బరువు నింపుకున్న బోటుని ఆ వేగంలో లాగడానికి ఇంజిన్ నిమిషానికి మూడువేల చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. బోటు మెల్లగా పోతోందని ప్రొపెల్లర్ మెల్లగా తిరగదు.

ప్రొపెల్లర్ ముందువైపుకి తిరిగి, బోటు కిందకి జరిగి ఉండే ఫార్వర్డ్ డ్రైవ్‌లు ఇప్పుడున్నాయి. బోటు ఇంజిన్లు చేసే వోల్వో పెంటా వాళ్ళు 2015లో తెచ్చారు, తర్వాత ఇతరులూ తెచ్చారు. వాటితో సర్ఫింగ్ చేయొచ్చు. మీ బావమరిదిది 2009 బోటు కాబట్టి అది ఆ కోవలోది కాదు. అయినా ఆయన ప్రేమగా ఇస్తానన్నదాన్ని కాదనక్కర్లేదు. మీ అత్తగారినీ మామగారినీ సాయంత్రంపూట లేక్ మీద తిప్పడానికీ, పిల్లల్ని ట్యూబు మీద లాగడానికీ అది చక్కటి బోటు. "దీని వెనక సర్ఫింగ్ మాత్రం వద్దు" అని ఆయనకి మీరే చెప్పండి, పిల్లలు అడిగేదాకా ఆగకండి. మామయ్య సరేనన్నాక మీరు వద్దంటే పిల్లలు మీ మాట వినరు.

ఇన్‌బోర్డయితే ఇక భయం లేదనుకోకండి. ఏ పెట్రోలు బోటుకైనా పొగ వెనకనుంచే వస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. ఇంజిన్ నడుస్తుండగా వెనక ప్లాట్‌ఫాం మీద ఎవర్నీ కూర్చోనివ్వద్దు. ఎవరికైనా తలనొప్పి, వికారం అంటే ఎండదెబ్బ అని సరిపెట్టుకోకుండా ముందు ఇంజిన్ ఆపి గాలి తగలనివ్వండి.

ఇక పద్నాలుగు వేల స్కీ బోటు. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఇంజిన్ బోటు మధ్యలో పెట్టెలో ఉంటుంది, షాఫ్టు నేరుగా వెనక్కి పోతుంది. ఇలాంటి బోట్లని కట్టింది నీటి మీద గీత పడకుండా పోవడానికి, ఎందుకంటే స్కీయర్‌కి వెనక అల అడ్డం. మీకు కావలసింది సరిగ్గా ఆ అలే. బస్తాల్లో నీళ్ళు నింపి ఒక మూలకి వాల్చితే కొంత అల లేస్తుంది. గ్యాలను నీళ్ళు ఎనిమిది పౌండ్ల పైచిలుకు కాబట్టి 750 పౌండ్ల బస్తాకి తొంభై గ్యాలన్లు పడతాయి. మధ్యలో ఇంజిన్ పెట్టె, పక్కన బస్తాలు, ఇక మనుషులెక్కడ కూర్చుంటారు?

అయినా ఆ బోటుకున్న గుణం ఒకటి మీ ఉత్తరంలో కనిపించలేదు. మీ నాలుగింటిలో మీరు సొంతంగా కొనగలిగి, హైలాండర్ లాగగలిగేది అదొక్కటే. పెట్రోలు హైలాండర్ లాగగలిగే గరిష్ఠ బరువు 5,000 పౌండ్లు, హైబ్రిడ్ అయితే 3,500. పాత స్కీ బోటు, ట్రెయిలరు కలిపి ఆ ఐదువేల లోపు ఉండొచ్చు. 22 అడుగుల వి-డ్రైవ్ ఖాళీగానే నాలుగువేలకి అటూఇటూ తూగుతుంది. దానికి రెండు ఇరుసుల ట్రెయిలరు, ట్యాంకులో పెట్రోలు, సామాన్లు కలిస్తే ఆరువేలు సులువుగా దాటుతుంది. కొత్త 23 అడుగులది ఇంకా ఎక్కువ. అంటే మీరు రాసిన 52 వేల వెనక ఒక ట్రక్కో, పెద్ద ఎస్‌యూవీయో నిలబడి ఉంది. అది కొనకూడదంటే బోటుని లేక్ పక్కనే స్టోరేజిలో పెట్టి, వాళ్ళ చేతే నీళ్ళలోకి దింపించుకోవాలి. ఇంటి ముందు ఎలాగూ పెట్టనివ్వరన్నారు కాబట్టి మీకు ఆ పద్ధతే కుదురుతుందేమో. నెల అద్దె కనుక్కుని పన్నెండుతో హెచ్చవేయండి, ఎందుకంటే డిసెంబరులో కూడా కట్టాలి.

ఆ స్కీ బోటు కొంటే మీ అమ్మాయికి సరిపోతుంది. తేలికైన పిల్లల్ని చిన్న అల కూడా మోస్తుంది. సరిపోనిది మీకు. ఎంత అల కావాలన్నది ఇంట్లో అందరికంటే బరువైన మనిషిని బట్టి ఉంటుంది, ఆ మనిషి ఎవరో ఉత్తరం చదివితే తెలిసిపోతోంది. అమ్మాయి కోసమేనని మీరు అన్నిసార్లు రాశారు గానీ, బోర్డు మీద మీరు కూడా నిలబడాలనుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. లెక్కలో మాత్రం చేర్చండి.

నా మొగ్గు 2014 బోటు వైపు. వి-డ్రైవ్‌లో ఇంజిన్ వెనక, వెనక్కి తిరిగి కూర్చుంటుంది. షాఫ్టు ముందుకొచ్చి, గేరుపెట్టెలో మలుపు తిరిగి మళ్ళీ వెనక్కి పోతుంది. బరువంతా వెనక ఉండటం అల ఎత్తుకి మంచిది, మధ్యలో మనుషులకి చోటూ మిగులుతుంది. ఏ సంవత్సరం మోడలన్నది కూడా ముఖ్యమే. వెనకటికి మంచి అల కావాలంటే బోటుని ఒక పక్కకి వాల్చేవాళ్ళు. కుడి పక్క సర్ఫింగ్ అంటే కుడి పక్క బస్తాలు, బాబాయిలు అందరూ కుడి పక్కకి. 2013 మోడళ్ళతో మాలిబు అనే బోటు కంపెనీ వాళ్ళు సర్ఫ్ గేట్ అనే ఏర్పాటు తెచ్చారు. తర్వాత నాటిక్, మాస్టర్‌క్రాఫ్ట్ తదితర కంపెనీలవాళ్ళు తమ తమ ఏర్పాట్లు తెచ్చారు. పని తీరు సులభం. బోటు వెళ్ళిపోయాక రెండు పక్కల నీళ్ళూ వెనక కలుసుకుంటాయి. ఒక పక్క రెక్క తెరిస్తే ఆ పక్క నీళ్ళు ఆలస్యంగా వచ్చి కలుస్తాయి, దాంతో రెండో పక్క అల నురగ లేకుండా పొడుగ్గా నిలుస్తుంది. బోటు వాలనక్కర్లేదు. అమ్మాయి కుడి పక్క, అబ్బాయి ఎడమ పక్క కావాలంటే బస్తాలు మోయకుండా మీట నొక్కితే చాలు. మీరు చూసిన 2014 బోటుకి ఇలాంటిది ఫ్యాక్టరీలో వచ్చిందా, తర్వాత తగిలించారా, అసలు లేదా అన్నది మీరు రాయలేదు. లేకపోతే 52 వేలు ఎక్కువే అనిపిస్తుంది నాకు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు ఇంజిన్ మూత తీసి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే నడిపారన్నమాట. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో మీ ఎదుట చూపించమనండి, కాకపోతే ఇంకో రోజు వెళ్ళండి. ఆయిల్ కడ్డీ తీసి చూడండి, పాలు కలిసిన టీ రంగులో ఉంటే లోపల నీళ్ళు చేరాయి. వి-డ్రైవ్ గేరుపెట్టె నూనె కూడా అలాగే చూడాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు. టెక్సాస్ బోటు కాబట్టి ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా గడ్డకట్టినప్పుడు ఈ బోటు ఎక్కడుంది, అంతకుముందు ఇంజిన్‌లోంచి నీళ్ళు తీసేశారా? లోపల నీళ్ళు మిగిలితే మంచుగా మారి ఉబ్బి ఇంజిన్ దిమ్మని చీలుస్తుంది. చీలిక మీద జిగురు పూసి రంగేసినా దాని కింద తుప్పు చార కనిపిస్తుంది, టార్చి తీసుకెళ్ళండి.

మీటరు మీది 480 గంటలనీ ఇంజిన్ కంప్యూటర్లోని గంటలనీ మెకానిక్ చేత పోల్చి చూపించండి. బోటుని నీళ్ళలో దింపకుండా డబ్బు మాట ఎత్తకండి. దింపాక బ్యాలస్ట్ ట్యాంకులన్నీ, అంటే బరువు కోసం నీళ్ళు నింపేవి, పూర్తిగా నింపించి, పూర్తిగా ఖాళీ చేయించండి. ఆ పంపులు తరచూ పోతుంటాయి. నింపి చూపించి "ఖాళీ ఇంటికెళ్ళాక అవుతుంది" అనే ఓనర్లుంటారు. ట్రెయిలరు టైరు పక్కన అచ్చు వేసిన అంకెల్లో చివరి నాలుగు చదవండి. 2219 అని ఉంటే 2019లో ఇరవై రెండో వారంలో చేసిన టైరు. పైన గాట్లు అరక్కపోయినా అంత పాత టైరు ఎండలో హైవే మీద పగులుతుంది. వెనక గోడకి కుడిపక్క చెక్కిన పన్నెండక్షరాల సంఖ్యా, టైటిలు మీద సంఖ్యా ఒకటేనా, బ్యాంకు బాకీ ఏమైనా ఉందా అన్నది టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ రికార్డుతో సరిచూసుకోండి. కొనే ముందు బోటుని పరీక్షించే మెరైన్ సర్వేయరుకిచ్చే ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి. ధరకి తోడు 6.25 శాతం పన్ను, అంటే ఇంకో 3,250 డాలర్లు పక్కన పెట్టుకోండి. సర్ఫింగ్ చేసేటప్పుడు గంటకి ఆరేడు గ్యాలన్ల పెట్రోలు తాగుతుంది. స్పీకర్లు ఎంత బాగా మోగుతున్నాయో చూపించడానికి అమ్మేవాళ్ళకి ఎప్పుడూ ఓపిక ఉంటుంది. వాటిని చివర వినండి.

ఇప్పుడు ముగ్గురు కలిసి కొనే బోటు. మీ స్నేహితులు మంచివాళ్ళే అయ్యుంటారు. చిక్కు వాళ్ళతో కాదు, కాగితంతో. అప్పు మీ ఒక్కరి పేరు మీద, బోటు ముగ్గురిదీ. ఒకాయనకి సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఆయన వాటా ఎవరు కొంటారు, ఏ ధరకి? జులై 4న బోటు ఎవరిది? ప్రొపెల్లర్ మొద్దుకి తగిలి వంకరపోతే ఆ రోజు నడిపినాయన కట్టాలా, ముగ్గురూ కట్టాలా? లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లాంటి లేకుల్లో నీళ్ళ కింద మొద్దులుంటాయి, ఇది ఊహకి చెప్తున్న మాట కాదు. ఒకరి పిల్లాడు పడితే ఇంకొకరి మీద కేసు పడే దేశంలో ఉన్నాం కాబట్టి ఇన్సూరెన్సులో ముగ్గురి పేర్లూ ఉండాలి. లాయరు చేత ఒప్పందం రాయించుకుని, అప్పు కూడా ముగ్గురి పేర్ల మీద తీసుకునేట్టయితే ఇది ఆలోచించదగ్గ దారే. ఖర్చు మూడోవంతవుతుంది, బోటు ఊరికే పడుండదు. ఒప్పందం మాట ఎత్తగానే "మన మధ్య కాగితాలేంట్రా" అని ఎవరైనా అంటే మాత్రం వాళ్ళతో బోటు షికారుకి వెళ్ళండి, బోటు కొనకండి.

మీ ఆవిడ అన్న మాటకి ఇక్కడే జవాబు చెప్పాలి. ఆవిడ మిమ్మల్ని వెనక్కి లాగడం లేదు, లెక్క వేస్తున్నారు. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చేది 60 రోజులే. ఆ అరవై రోజులు నవంబరులో వచ్చాయనుకోండి, సర్ఫింగ్ బోటు ఎవరు కొంటారు? కొత్త బోటు ధర మొదటి ఏళ్ళలోనే బాగా పడుతుంది, పదిహేనేళ్ళ అప్పులో అసలు మొదట్లో మెల్లగా తరుగుతుంది. అమ్మితే వచ్చేదానికంటే బాకీయే ఎక్కువుండే రోజులు కొన్నేళ్ళుంటాయి. 2014 బోటు పడాల్సినంత ఇప్పటికే పడింది. దాన్ని సొంత డబ్బుతోనో, మూడు నాలుగేళ్ళ చిన్న అప్పుతోనో కొంటే, నష్టానికైనా సరే, గబుక్కున అమ్మేసి బయటపడొచ్చు. చేతిలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు ఇంత గట్టిగా ఉండేది కాదు.

ఈత గురించి ఆవిడ భయం కూడా న్యాయమైనదే. టెక్సాస్‌లో 26 అడుగుల లోపు బోటు కదులుతున్నప్పుడు పదమూడేళ్ళ లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలి, అంటే మీ అబ్బాయి. మీ ఇంట్లో ఆ చట్టాన్ని అందరికీ వర్తింపజేయండి, మామగారితో సహా. కొనేటప్పుడు కోస్ట్ గార్డ్ ఆమోదముద్ర ఉందో లేదో చూడండి. సర్ఫింగ్ షాపుల్లో పల్చటి, అందమైన జాకెట్లు కొన్నిటికి అది ఉండదు. నడిపేవాళ్ళు ఇంజిన్ ఆపే తాడు ఒంటికి తగిలించుకోవాలి. టెక్సాస్‌లో 2019 నుంచి అది చట్టం. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకే బోటర్ కోర్సు తప్పనిసరి కాబట్టి మీకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు వాడుకోకండి, అమ్మాయితో కలిసి కూర్చుని పూర్తి చేయండి.

అత్తమామల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ముందు సీట్లు బావుంటాయని పెద్దవాళ్ళని అక్కడ కూర్చోబెడతారు, ముందున్న బ్యాలస్ట్ ట్యాంకు కూడా నిండుగా ఉంటుంది. ఎవరో పడ్డారని చటుక్కున ఆపుతారు. మీ బోటు లేపిన అలే వెనకనుంచి వచ్చి, ముందుకి ఒంగిన బోటులోకి తొట్టెడు నీళ్ళు పోస్తుంది. బోటు మునగకపోవచ్చు, కానీ మీ అత్తగారు ఈ జన్మకి మళ్ళీ ఎక్కరు. పెద్దవాళ్ళు ఎక్కిన రోజు ముందు ట్యాంకు ఖాళీగా ఉంచండి, పడ్డవాళ్ళ దగ్గరికి గిర్రున తిరక్కుండా వేగం పూర్తిగా తగ్గించి మెల్లగా వెనక్కి రండి. గట్టుకి దూరంగా, లోతున్న చోటే చేయండి. వెర్మాంట్ రాష్ట్రం 2024లో పెట్టిన నియమం గట్టుకి కనీసం 500 అడుగుల దూరం, 20 అడుగుల లోతు. టెక్సాస్‌లో అది చట్టం కాదు గానీ కొలత మంచిది. లోతు లేని చోట అల కూడా సరిగ్గా లేవదు.

అడ్వాన్సు మాట. ఆ వెయ్యి డాలర్లు తిరిగొస్తాయో రావో డీలరుని ఇవాళే అడగండి, కానీ దానికంటే ముందు మీ ఆవిడకి చెప్పండి. డబ్బు వెనక్కి వచ్చాక "ఇచ్చాను గానీ తెచ్చేశాను" అని చెప్దామనుకుంటున్నారేమో. ఈ లోపు డీలరు ఇంటికి ఫోను చేస్తే? ఆవిడ తెలివైన మనిషని మీ ఉత్తరమే చెప్తోంది. ఆవిడ ప్రశ్నలు మీ ప్రశ్నల కంటే మంచివి.

మీరు రాయని ఐదో దారి ఒకటుంది, ముందు దాన్ని నడవమంటాను. ఈ వేసవికి డ్రైవరుతో సహా సర్ఫింగ్ బోటు గంటల లెక్కన అద్దెకి తీసుకోండి. గంటకి రెండొందల నుంచి మూడొందల డాలర్ల దాకా అవుతుంది. ఖరీదనిపిస్తుంది, కానీ స్టోరేజీ లేదు, ఇన్సూరెన్సు లేదు, ట్రక్కు లేదు. లేకు మారినప్పుడల్లా జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు అంటకుండా బోటులోని ప్రతి చుక్కా తీసేసే పని కూడా మీది కాదు. టెక్సోమా లేకులో 2009లో మొదలైన ఆ ఆల్చిప్పల బెడద వల్ల ఇక్కడ లేకు దాటే ముందు నీళ్ళు తీసేయడం చట్టం. జులై ఎండల్లో కూడా అమ్మాయి పొద్దున్నే ఆరింటికి లేచి వస్తోందో, రెండో వారానికే స్నేహితురాళ్ళ ఇంటికి పోతానంటోందో తెలుస్తుంది. మీ ఆవిడని కూడా తీసుకెళ్ళి, డ్రైవరుని అడిగి ఆవిడ చేత బోటు నడిపించండి. మామూలు ఇన్‌బోర్డుకి రివర్సులో స్టీరింగు దాదాపు పనిచేయదు. చుక్కాని ప్రొపెల్లర్ వెనక ఉంటుంది, రివర్సులో దాని మీదకి నీళ్ళు తన్నవు, బోటు తనకిష్టమైన పక్కకే తోక తిప్పుతుంది. రేవుకి ఆనించడం మీ ఇద్దరిలో ఆవిడకే ముందు పట్టుబడితే ఆశ్చర్యపోను, మీరూ నొచ్చుకోకండి.

అద్దె గంటలు సరదాగా గడిచి, ఆవిడ కూడా సరేనంటే సెప్టెంబరు దాటాక బోట్లు చూడండి. చలికాలం స్టోరేజీ అద్దె కట్టడం ఇష్టం లేనివాళ్ళు ధర తగ్గించేది అప్పుడే. ఆ 2014 బోటు ఓనరు అప్పటిదాకా ఆగనంటే వేరేవాళ్ళకి అమ్ముకోనివ్వండి. డాలస్ చుట్టుపక్కల అలాంటివి మళ్ళీ అమ్మకానికొస్తాయి.